అనని మాట

పొద్దున ఆరింటికి డ్యూటీకి పోయిన మనిషి పది గంటలకే ఇంటికి తిరిగొచ్చాడు. ఎందుకొచ్చావని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. అడిగితే జవాబు వినాల్సి వస్తుందని అందరికీ భయం.

కుర్మయ్య చెప్పులు గడప బయట విడిచాడు. ఎయిర్‌పోర్టు రోడ్డు పొడుగునా పూలమొక్కలకు నీళ్ళు పట్టేవాళ్ళకు కాంట్రాక్టరు ఇచ్చిన ఆకుపచ్చ జాకెట్టు విప్పి దండెం మీద వేశాడు. సద్ది డబ్బా మూత తీయకుండానే వంటింటి గట్టు మీద పెట్టాడు. ఎవరి వంకా చూడకుండా మెట్లెక్కి మేడ మీదికి పోయాడు.

కౌసల్యమ్మ ఆ డబ్బా వంక చూసింది. తర్వాత కూతురి వంక చూసింది. నాలుగు రోజులలో ఆమె మనీషాను నేరుగా చూడటం అదే మొదలు. మాట మాత్రం కొడుకుతోనే అన్నది.

"శ్రావణ్, ఏమైందో మీ బాపునడుగు. నీ చెల్లెనైతే నేను అడగ."

శ్రావణ్‌కుమార్ ఎయిర్‌పోర్టులో క్యాబు నడుపుతాడు. అక్కడ చీమ చిటుక్కుమన్నా పార్కింగులోని డ్రైవర్లందరికీ తెలిసిపోతుంది. తండ్రి గేటు దాటక ముందే అతనికి రెండు ఫోన్లు వచ్చాయి. ఏమైందో అతనే చెప్పాడు. గోడకు ఆనుకుని, అద్దంలో చూసి అంగీ గుండీలు పెట్టుకుంటూ, వార్తలు చదివినట్టు చెప్పాడు.

పొద్దున బైకు మీద ఇద్దరు మనుషులు వచ్చారట. కుర్మయ్య మొక్కల మధ్య వంగి ఉంటే ఎదురుగా ఫోను పట్టి, "తాతా, మీ బిడ్డ నీకు ఎన్ని మార్కులేసింది" అని అడిగారట. ఆయనకు అర్థం కాలేదు. అర్థం కాక నిలబడ్డ ఆ మొహాన్నే గంట తిరిగేలోపు వేల మంది చూశారు. తోటి కూలీలు కూడా పైపు పక్కన పారేసి చూశారు. వాళ్ళలో ఒకామె ఇంకో వీడియో పెట్టి వినిపించిందట. అందులో కుర్మయ్య గొంతు పొలాల పేర్లు ఒక్కొక్కటే చెబుతుంది. ప్రతి పేరు తర్వాత గాడిద ఓండ్ర పెడుతుంది. అందరూ నవ్వారు. సూపర్‌వైజరు నవ్వలేదు గానీ, ఈ లొల్లి చల్లారేదాకా ఓ వారం ఇంట్లోనే ఉండమన్నాడు.

"బాపు ఇరవై ఏండ్ల సంది మొక్కలకు నీళ్ళు పడుతుండు," అన్నాడు శ్రావణ్. "ఒక్క దినం ఎవలతోని మాట పడలే. ఇయ్యాల పడ్డడు."

తలుపు దగ్గర నిలబడ్డ మనీషా మేడ మెట్ల వంక చూసింది. అనడానికి ఏమున్నా, అది తండ్రితో అనాల్సిన మాట.

* * *

'ఆటపట్టు' అనే తెలుగు వెబ్‌సైటుకు వీడియో గేముల మీద సమీక్షలు రాయడం మనీషా ఉద్యోగం. ఆరేళ్ళుగా ఆ ఉద్యోగమేమిటో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. ఎవరైనా అడిగితే "కంప్యూటర్ల రాస్తది" అనేది కౌసల్యమ్మ. నాలుగు రోజుల్లో మాత్రం శంషాబాదులోని ఆ కాలనీ మొత్తానికి అర్థమైపోయింది. మార్కులు వేస్తుంది. సొంతవాళ్ళకు ఎక్కువ వేస్తుంది.

బడంగ్‌పేటకు చెందిన సుమలత అనే అమ్మాయి మూడేళ్ళు ఒంటరిగా కూర్చుని 'మోటబావి' అని ఒక ఆట తయారుచేసింది. విమానాలు దిగే రన్‌వే కింద పూడిపోయిన ఒక ఊరు. ఆ ఊరి బావిలోకి దిగే ఒక అమ్మాయి. చీకట్లో ఎక్కడి నుంచో ఒక ముసలాయన గొంతు పొలాల పేర్లు చెబుతూ ఉంటుంది. పేరు వినపడ్డ చోటల్లా ఆ పొలం మళ్ళీ పచ్చబడుతుంది. కాల్చడం లేదు, నరకడం లేదు. విని, దారి పట్టుకుని పోవాలి. అంతే ఆట.

ఆ గొంతు కుర్మయ్యది. ఎయిర్‌పోర్టు కింద పోయిన తమ పాత ఊరి పొలాల పేర్లు గుర్తున్నవాళ్ళ కోసం సుమలత వెతుక్కుంటూ వస్తే, ఆమెను ఇంటికి తీసుకొచ్చి తండ్రిని మైకు ముందు కూర్చోబెట్టింది మనీషాయే. ఆట వచ్చాక సమీక్ష రాసిందీ మనీషాయే. పదికి తొమ్మిది ఇచ్చింది. ఆ గొంతు తన తండ్రిదని మాత్రం ఎక్కడా రాయలేదు.

లక్షల మంది చూసే ఒక యూట్యూబరు ఆట చివర వచ్చే పేర్లలో కుర్మయ్య పేరు చూశాడు. ఆరా తీశాడు. తండ్రి ఉన్న ఆటకు కూతురు మార్కులు వేయవచ్చా, వేస్తే చదివేవాళ్ళకు ఆ సంగతి చెప్పనక్కర్లేదా అని అడిగాడు. మొదటి రోజు అడిగిన ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుకే అంత నొప్పి పెట్టింది.

రెండో రోజుకు ఆ ప్రశ్న ఎక్కడో తప్పిపోయింది. అసలు ఆడవాళ్ళకు గేముల గురించి ఏం తెలుసన్నారు. మా ఆటల్లోకి ఈ ఏడుపులు, ఈ ఊళ్ళూ బావులూ తేవద్దన్నారు. సమీక్షకులంతా అమ్ముడుపోయారన్నారు. సుమలతకూ మనీషాకూ లేని సంబంధం అంటగట్టారు. మూడో రోజుకు మనీషా ఇంటి గేటు ఫొటో వచ్చింది. ఆమె పక్షాన నిలబడ్డవాళ్ళూ వేలల్లోనే ఉన్నారు. ఆమె పేరు ఒక జెండాలా పట్టుకుని అవతలివాళ్ళతో కొట్లాడారు. వాళ్ళలో ఒక్కరు కూడా, అన్నం తిన్నావా అని ఆమెను అడగలేదు.

* * *

"నువ్వు ఒక వీడియో పెట్టు," అన్నాడు శ్రావణ్. "చేతులు జోడించు. తప్పయిందని చెప్పు. ఇగ రాయనని చెప్పు. అయిపోతది."

"రాయనని ఎందుకు చెప్పాలె అన్నా?"

"మరి బాపు మీద ఇంక ఎన్ని వీడియోలు రావాలె?"

వంటింట్లో స్వర్ణలత చపాతీ పిండి కలుపుతూ ఆగింది. శ్రావణ్ భార్య ఆమె. పెళ్ళయి వచ్చిన రెండేళ్ళలో అన్నాచెల్లెళ్ళ మధ్య ఎప్పుడూ నోరు పెట్టలేదు. కానీ ఈ నాలుగు రోజులూ, ఎవరూ చూడకుండా, మనీషా గురించి రాసినవన్నీ ఒక్కటి విడవకుండా చదివింది.

తప్పు తనొక్కదానిదే కాదని మనీషా మళ్ళీ చెప్పింది. ఈ మాట ఆమె నాలుగు రోజులుగా చెబుతూనే ఉంది. ఆ గొంతు మా నాన్నది అని సమీక్ష కింద ఒక లైను రాశాననీ, ఎడిటరు దాన్ని కొట్టేశాడనీ చెప్పింది.

"అయితే గా ఎడిటరు పేరే పెట్టు," అన్నాడు శ్రావణ్. "ఆయన ఇంటి గేటు ఫొటో పెట్టుకుంటరు. మనది ఇడిసిపెడుతరు."

కౌసల్యమ్మ గట్టు మీది డబ్బా తీసి, అన్నాన్ని ఒక గిన్నెలోకి వంచింది. గిన్నె చప్పుడు కావలసిన దానికంటే గట్టిగా అయింది.

"ఊరు పోయిననాడు గూడ గిట్ల కాలే," అన్నది గోడతో. "అప్పుడు అందరిది పోయింది. ఒకలనొకలం చూసుకుని ఏడ్చినం. ఇప్పుడు మనొక్కలదే పోయింది. ఎవలతోని ఏడ్వాలె?"

శ్రావణ్ క్యాబు తాళాలు తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే మనీషా ఫోను మోగింది. ఎడిటరు శివశంకర్.

* * *

ఆయన ఏలూరు వైపు మనిషి. కోపం వచ్చినా "గారూ" వదలడు. మనీషా గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

యాజమాన్యం తనను రాత్రంతా నిద్రపోనివ్వలేదని ఆయన చెప్పాడు. సాయంత్రం ఐదు గంటలకు వెబ్‌సైటులో ఒక వివరణ వెళ్ళాలన్నాడు. అది మనీషా పేరుతోనే వెళ్ళాలి. ఆ లైను తనే తీసేశానని ఆమె అందులో ఒప్పుకోవాలి.

"మీరు కొట్టేశారు కదా సార్," అంది మనీషా.

శివశంకర్ గొంతు పెంచలేదు.

"మనీషా గారూ, ఆ రోజు మనం రాసుకున్న మెసేజీలు ఒకసారి చూడండి. నేను లైన్లోనే ఉంటాను."

ఆమె చూసింది. ఆరు వారాల వెనక్కి వెళ్ళి వెతికింది. ఆ లైను పంపింది తనే. దాని కింద ఆయన రాసింది ఇది: ఈ లైను ఉంటే సమీక్ష బలం తగ్గుతుందేమో, మీ ఇష్టం. దాని కింద, రెండు నిమిషాల్లోపే, తను రాసింది ఇది: తీసేశాను సార్.

మనీషా మంచం అంచున కూర్చుంది. ఆయన కొట్టేశాడని ఆమె నాలుగు రోజులుగా చెప్పిన మాట అబద్ధమని తెలిసి చెప్పింది కాదు. అలాగే జరిగిందని నమ్మింది. ఎప్పుడు నమ్మడం మొదలుపెట్టిందో కూడా తెలియదు. ఆ లైను ఉంటే ఆటను ఎవరూ పట్టించుకోరని, ఇంటి మనిషిని మెచ్చుకుంటోందని నవ్వుతారని ఆ రోజు తనకు తోచింది. ఆయన చిన్నగా తోశాడు, నిజమే. కానీ తలుపు తీసింది తనే.

"రాస్తాను సార్," అంది. "నేనే తీసేశానని రాస్తాను."

"సంతోషం. రెండోది కూడా ఉంది. మార్కులు తగ్గిద్దాం. మళ్ళీ ఆలోచించాను, ఆరే ఇస్తున్నాను అని రాయండి. జనం చల్లబడతారు."

"ఆట నాకు నిజంగా నచ్చిందనుకోండి సార్. అప్పుడు?"

"నిజంగా నచ్చిందా?" అని అడిగాడు శివశంకర్. వెటకారం కాదు. ఆయన గొంతులో నిజంగానే తెలుసుకోవాలన్న ఆత్రం ఉంది. అందుకే మనీషా అవునని అనేయలేకపోయింది. ఐదింటికి చెబుతానని పెట్టేసింది.

గది బయటికి వచ్చేసరికి శ్రావణ్ ఇంకా గడపలోనే ఉన్నాడు. తల్లి, వదిన వంటింట్లో ఉన్నారు. ముగ్గురూ ఒక్కచోట ఉండగానే చెప్పేయాలని మనీషా చెప్పేసింది.

"సారు కొట్టెయ్యలే. నేనే తీసేసిన. మెసేజీలు చూసిన."

శ్రావణ్ ఒక్క క్షణం ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "అంటే వాళ్ళన్నది నిజమే," అన్నాడు. అని వెళ్ళిపోయాడు. కారు స్టార్టయిన చప్పుడు, గేటు చప్పుడు, తర్వాత మెయిన్‌రోడ్డు చప్పుడులో కలిసిపోయాయి.

కౌసల్యమ్మ కొంగుతో మొహం తుడుచుకుని దొడ్లోకి పోయింది.

స్వర్ణలత పిండి చేతులతోనే దగ్గరికి వచ్చింది. "నిజం చెప్పినవ్. మంచిదే," అన్నది మెల్లగా. "కానీ నీ గురించి వాళ్ళు రాసినయన్ని అబద్ధాలని నేను మా అమ్మోళ్ళతోని కొట్లాడిన మనీషా. నిన్ననే కొట్లాడిన. ఇగ వాళ్ళకేం చెప్పాలె?"

మనీషా ఫోను చేతిలోకి తీసుకుంది. సుమలతకు ఫోను చేద్దామనుకుంది. ఈ నాలుగు రోజులూ ఆమెతో నిజంగా మాట్లాడిన మనిషి సుమలత ఒక్కతే. రోజుకు మూడుసార్లు చేసేది. "అక్కా, నువ్వు తప్పు చేయలే, మంచి ఆటను మంచిదన్నవ్, అంతే" అనేది. ఇప్పుడు ఆ మాట వింటే ఓదార్పు దొరుకుతుంది. మనీషాకు ఓదార్పు వద్దనిపించింది. ఫోను జేబులో పెట్టుకుని మేడ మెట్లు ఎక్కింది.

* * *

నీళ్ళ ట్యాంకు నీడలో కుర్మయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన తెగిన నీళ్ళ పైపు ఒకటి, చేతిలో సైకిలు ట్యూబు ముక్క. తెగిన చోట ట్యూబు చుట్టి బిగిస్తున్నాడు. చేసే పని లేకుండా కూర్చోవడం ఆయనకు రాదు.

విమానం ఒకటి తల మీంచి కిందికి దిగింది. చప్పుడు పోయేదాకా ఇద్దరూ ఆగారు. ఆ కాలనీలో మాట మధ్యలో ఆగి మళ్ళీ అందుకోవడం అందరికీ అలవాటే. కాకపోతే ఈ ఇద్దరి మధ్య అందుకోవడానికి మాట అంటూ ఎప్పుడూ ఉండేది కాదు. మనీషా హాస్టలు నుంచి వచ్చినా, ఉద్యోగం వచ్చిందని చెప్పినా, కుర్మయ్య తల ఎత్తి చూసి, ఊఁ అని, చేస్తున్న పనిలో పడేవాడు. ప్రేమ లేదని కాదు. ఆ ప్రేమ ఏ గదిలో ఉంటుందో ఆమెకు ఎవరూ చూపించలేదు.

"బాపు, ఇయ్యాల నావల్ల నీ మీద మాట పడ్డది," అంది.

కుర్మయ్య పైపు బిగించడం ఆపలేదు. ముడి వేస్తూనే అడిగాడు.

"నేను చెప్పిన పేర్లల్ల ఏమన్న అబద్ధమున్నదా?"

"లేదు."

"మరెందుకు నవ్వుతున్నరు?"

గాడిద వీడియో గురించి ఎలా చెప్పాలో మనీషాకు తెలియలేదు. నవ్వు ఆయన మీద కాదని, తన మీద అని చెప్పింది. ఆట గురించి రాసేవాళ్ళు తమకూ ఆ ఆటకూ ఉన్న సంబంధం ముందే చెప్పాలనీ, తను చెప్పలేదనీ, ఎవరో ఆపితే కాదు, కావాలనే ఆ లైను తీసేశాననీ చెప్పింది. మార్కులు తగ్గించమని సారు అడుగుతున్నాడని కూడా చెప్పింది. కుర్మయ్య అన్నీ విన్నాడు. అంత సేపు ఆయన తన మాట వినడం మనీషాకు జ్ఞాపకం లేదు.

"ఒక్కటి చెప్పు," అన్నాడు చివరికి. "నాదని ఏసినవా, మంచిగున్నదని ఏసినవా?"

నాలుగు రోజులుగా లక్షల మంది అడిగిన ప్రశ్న అదే. కానీ వాళ్ళలో ఎవరూ జవాబు కోసం అడగలేదు. ఈయన అడిగాడు.

"తెల్వదు బాపు," అంది మనీషా. "నిజంగనే తెల్వదు."

కుర్మయ్యకు కోపం రాలేదు. ట్యూబు ముడి ఒకసారి లాగి చూసి పైపు పక్కన పెట్టాడు.

"సరే. అయితే చూపియ్యి. నేను ఇప్పటిదాంక చూడనే లే."

మనీషా లాప్‌టాప్ తేవడానికి కిందికి దిగింది. ఆట వచ్చి ఆరు వారాలయింది. వేల మంది ఆడారు. తిట్టినవాళ్ళు విన్నారు, మెచ్చినవాళ్ళు విన్నారు. గాడిదను కలిపినవాడు కూడా ముందు మొత్తం విన్నాకే కలిపి ఉంటాడు. ఆ గొంతు ఎవరిదో ఆ మనిషికి వినిపించాలని తనకు తోచలేదు. సుమలతకూ తోచలేదు.

* * *

ఎండకు లాప్‌టాప్ తెర కనిపించడం లేదు. కుర్మయ్య భుజం మీది తువ్వాల తీసి తెర మీద, తమ ఇద్దరి తలల మీద కప్పాడు. ఆ చిన్న నీడలో ఆయన ఊపిరి, మట్టి వాసన, మనీషా చెంపకు అంత దగ్గరగా రావడం పసితనం తర్వాత అదే.

మీటలు ఆమె నొక్కింది. అమ్మాయి బావి మెట్లు దిగింది. చీకట్లోంచి గొంతు వచ్చింది.

రాళ్ళచెలక. ఈదుల మడి. ఎర్రదుబ్బ. తుమ్మకుంట.

కుర్మయ్య పెదవులు కూడా ఆ గొంతుతో పాటే కదిలాయి. మొదట ఆయన మొహంలో ఏమీ లేదు. ఎర్రదుబ్బ పక్కనే తుమ్మకుంట పచ్చబడగానే చేయి చాచి తెర మీద వేలు పెట్టబోయి, ఆపుకున్నాడు.

"జర ఆపు," అన్నాడు. "ఎర్రదుబ్బ పక్కన తుమ్మకుంట రాదు. నడుమ గుండ్ల మడి ఉండాలె. నేను సరిగనే చెప్పిన, గా పిల్ల అటిటు పెట్టింది."

"మరి గుండ్ల మడి ఎవరిది బాపు?"

"మనదే."

ఆమెకు ఆ సంగతి తెలియదు. ఆరు వారాల కింద వెయ్యి మాటల్లో ఈ ఆట గురించి రాసింది. నష్టం గురించి, జ్ఞాపకం గురించి, నేల గురించి రాసింది. అందులో ఒక మడి తమదేనని ఇవాళ తెలిసింది. అడిగి ఉంటే చెప్పేవాడు. అడగలేదు.

గంటకు పైగా ఆడారు. విమానం వచ్చినప్పుడల్లా ఆపారు. ఒకసారి దారి తప్పితే కుర్మయ్యే సరిదిద్దాడు, కట్ట మీంచి పోకు, కింద వంపుంటది అని. వంపు నిజంగానే ఉంది. ఆయన చిన్నగా నవ్వాడు. మనీషా కూడా నవ్వింది. ఆట నిజంగానే బాగుందని ఆ క్షణం ఆమెకు అనిపించింది. అది తండ్రి గొంతు వల్ల కాదు. తండ్రి పక్కన ఉన్నా లేకపోయినా ఆ చీకటి, ఆ పచ్చదనం బాగా కుదిరాయి. ఎనిమిది మార్కులు ఎవరి ముందైనా నిలబడి ఇవ్వగలనని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

ఎనిమిదే. తొమ్మిదో మార్కు ఆఖరి మాటకు ఇచ్చింది. మొదటిసారి ఆడినప్పుడు, ఎనిమిది అని రాసుకుని కూడా, ఆ ఆఖరి మాట విని కొట్టేసి తొమ్మిది రాసింది.

అమ్మాయి బావి అడుగుకు చేరింది. అక్కడ నీళ్ళు లేవు. ఒక దీపం ఉంది. దీపం పక్కన ఎవరూ లేరు. గొంతు మాత్రం, ఈసారి చాలా దగ్గరి నుంచి, అన్నది:

"ఒచ్చినవా బిడ్డా. ఇగ నాకు చాలు."

ఎన్నిసార్లు విన్నా అదే జరిగింది. మనీషా కళ్ళు నిండాయి. తువ్వాల కింద చీకటిగా ఉండటం మంచిదైంది.

ఈసారి కుర్మయ్య పెదవులు కదల్లేదు. తర్వాత తల మీంచి తువ్వాల తీశాడు.

"గా మాట నేను అనలే," అన్నాడు.

ఎండ ఒక్కసారిగా కళ్ళలో పడింది. మర్చిపోయి ఉంటావని మనీషా అన్నది. మైకు ముందు పొద్దంతా కూర్చున్నావు, ఎన్నో మాటలు చెప్పావు, అందులో ఇదొకటి అయి ఉంటుందని అన్నది. చెబుతూనే, తన మాటలను తనే నమ్మడం లేదని తెలుసుకుంది.

"యాభై పొలాల పేర్లు యాదికున్నయి నాకు. గిది యాదికుండదా?" అన్నాడు కుర్మయ్య. "గొంతు నాదే. మాట నాది గాదు."

* * *

సుమలత మొదటి రింగుకే ఎత్తింది. "అక్కా, నేనే చేద్దామనుకున్న," అంది హుషారుగా. మనీషా నేరుగా అడిగింది. అవతల హుషారు ఆగిపోయింది. వెనక ఎక్కడో కుక్కరు కూత వినిపించింది. సుమలత పొయ్యి కట్టేసి వచ్చింది.

"ఆ దినం సాయంత్రానికి కాక గొంతు బొంగురుపోయింది అక్కా. ఆఖరి మాట మిగిలిపోయింది. మళ్ళ పిలవాలంటె నాకు మొహమాటమైంది. కాక గొంతంతా నా దగ్గరున్నది కదా. కంప్యూటర్‌తోని అదే గొంతుల అనిపించిన. ఒక్క మాటే అక్కా. ఒక్కటే."

"బాపునడిగినవా?"

"లేదు."

"నాకు చెప్పినవా?"

"నువ్వు ఏడ్చినవ్ గదా అక్కా. ఆట అయిపోయినంక ఫోను చేసి ఏడ్చినవ్. అప్పుడెట్ల చెప్పాలె?"

రాత్రికల్లా ఆ మాట తీసేస్తానని సుమలత బతిమాలింది. ఎవరికీ తెలియదంది. ఇది బయటపడితే తన మూడేళ్ళు పోతాయంది. ఊరి పేర్లు, పొలాలు, మొత్తం ఆటే దొంగదంటారంది. "ఇద్దరమే ఉన్నమక్కా ఇంతమంది ముందట. నువ్వు గూడ అటు పోతె నేనొక్కదాన్నే."

మనీషా ఫోను పెట్టేసింది. నాలుగు రోజులుగా తనకున్న ఒక్క మనిషి కూడా ఇప్పుడు తీర్పు కోసం ఎదురుచూసే మనిషి అయిపోయింది. ఆమె చేసిన దానికీ, ఆరు వారాల కింద తను చేసిన దానికీ పెద్ద తేడా ఏముంది? చెప్పాల్సిన ఒక్క లైను ఇద్దరూ చెప్పలేదు.

వెనక్కి తిరిగేసరికి కుర్మయ్య లాప్‌టాప్ ముందే ఉన్నాడు.

"ఇంకోసారి పెట్టు," అన్నాడు.

పెట్టింది. ఒచ్చినవా బిడ్డా. ఇగ నాకు చాలు.

ఆయన చెవి ఒగ్గి విన్నాడు, ఎవరో పరాయివాడి మాట విన్నట్టు.

"మంచిగనే అన్నడు," అన్నాడు. తెర వంకే చూస్తూ, "నాకైతే గా మాట రాకపోతుండె," అన్నాడు.

మనీషా ఆయన పక్కన కూర్చుంది. మధ్యాహ్నమంతా అక్కడే వివరణ రాస్తూ, కొట్టేస్తూ ఉంది. ఇంకో విమానం దిగింది. చప్పుడు పోయాక కూడా ఇద్దరూ ఊరుకున్నారు.

ఐదుకు పది నిమిషాలుందనగా శివశంకర్ ఫోను చేశాడు.

"రాశారా మనీషా గారూ?"

"రాస్తున్నాను సార్. ఆ లైను నేనే తీసేశానని రాస్తున్నాను. ఎనిమిది అని రాస్తున్నాను, ఆరు కాదు. ఎనిమిది ఎందుకో కూడా రాస్తాను."

"ఎనిమిదా?" ఆయన నిట్టూర్చాడు. "సరే, మాట్లాడదాం. అంతేనా?"

"ఇంకొకటుంది సార్. మూడోది."

కుర్మయ్య చేయి చాచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఇవాళ్టి దాకా, ఇరవై ఏడేళ్ళలో ఆయన ఆమెను ఏదీ కోరి ఎరగడు. మనీషా ఫోను అరచేత్తో మూసింది.

"గా పిల్ల సంగతి రాయకు," అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "ఊరు పోయినంక మన పొలాల పేర్లు వచ్చి అడిగింది గా పిల్ల ఒక్కతె. నా గొంతు తీసుకుంటె తీసుకున్నది. రాయకు."

ఆ చేయి పైపులు పట్టి పట్టి కాయలు కాసి ఉంది. వదల్లేదు.

"మనీషా గారూ," అంటున్నాడు శివశంకర్ ఆమె అరచేతి కింద. "వినిపించడం లేదు. మూడోది ఏమిటి?"